ఎడారి ఇసుకకు ఏ బండి? పెన్న ఇసుకలోనే తేల్చుకోండి

నెల్లూరు నుంచి జైసల్మేర్ 2,000 కిలోమీటర్ల పైమాటే. అంత దూరం పోయి, దారి వదిలి లోపలికి దిగాక బండి ఇసుకలో దిగబడితే లాగించడానికి పక్క పొలంలో ట్రాక్టరు ఉండదు. కాబట్టి బండిని ఎంచుకోవడం, తూచడం, పరీక్షించడం అంతా ఇక్కడ ఉండగానే అయిపోవాలి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకు అందుకు కావలసినవన్నీ చేతికందే దూరంలోనే ఉన్నాయి: పెన్న ఇసుక, లారీలు తూచే కాటాలు, ఆటోనగర్ షెడ్లు.

బండి చూడగానే అందరూ అడిగేది ఎన్ని హార్స్‌పవర్లు అని. ఇసుకలో ఆ లెక్క నాలుగోదో ఐదోదో. మొదట చూడాల్సింది బరువు, తర్వాత టైరు, ఆ తర్వాత టైరులో గాలి.

మిలిటరీ బండి అంటే

మన సైన్యం తేలిక రకం జీపుల్ని మోసే బరువును బట్టి పిలుస్తుంది. జీఎస్ 500 అంటే 500 కిలోలు మోసేది, జీఎస్ 800 అంటే 800 కిలోలు మోసేది. ఏళ్ల తరబడి మొదటి తరగతిలో మారుతి జిప్సీ ఉండేది. 800 తరగతికి 2017లో 3,192 టాటా సఫారీ స్టార్మ్‌లకు ఆర్డరిచ్చారు. 2025లో ఫోర్స్ గుర్ఖాలకు 2,978 బండ్ల ఆర్డరు వచ్చింది. ఈ అంకెలు చూసి "సైన్యమే తీసుకుందంటే మనకూ అదే మేలు" అనుకోవద్దు. సైన్యం చూసుకునేది మనుషులతో, సామానుతో కలిపి ఎంత మోస్తుంది, తన వర్క్‌షాపులో ఎంత త్వరగా బాగవుతుంది అని. వాళ్ల వెంట రికవరీ బండి ఉంటుంది, విడిభాగాల లారీ ఉంటుంది. మీ వెంట మీ బావమరిదో స్నేహితుడో ఉంటాడు, ఒక జాకీ ఉంటుంది. ఆ తేడా మనసులో పెట్టుకునే ఎంచుకోవాలి.

వేలంలో వచ్చిన పాత సైన్యం బండ్లు, జోంగాల్లాంటివి, అప్పుడప్పుడు అమ్మకానికి కనిపిస్తాయి. జబల్‌పూర్ ఫ్యాక్టరీలో తయారైన ఈ నిస్సాన్ నమూనా బండికి దాదాపు 4 లీటర్ల పెట్రోలు ఇంజిన్. చూడ్డానికి ఏనుగులా ఉంటుంది, పెట్రోలు కూడా ఏనుగులాగే తాగుతుంది. తయారీ ఆగిపోయి పాతికేళ్లు దాటింది. దారిలో చిన్న సామాను పోయినా దొరకదు. ఇంట్లో పెట్టుకుని బాగుచేసుకునే ఇష్టం ఉంటే సరే, ఎడారి ప్రయాణానికి వద్దు. ఏ పాత సైన్యం బండి కొన్నా వేలం కాగితం అసలుది చూడండి. అందులోని ఛాసిస్ నంబరు, బండి మీద కొట్టిన నంబరు, ఆర్‌సీలో ఉన్న నంబరు మూడూ ఒకటేనా అని వేలు పెట్టి సరిచూసుకోండి. ఇంకో సంగతి: మోటారు వాహనాల నిబంధనల్లో 121వ నిబంధన ప్రకారం ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బండ్లకే. ముచ్చటపడి ఆ రంగు వేయిస్తే ఆంధ్రా దాటేలోపే ఎక్కడో ఒకచోట ఆపుతారు.

మొదటి పని: కాటా మీదికి ఎక్కించండి

షోరూమువాళ్లు చెప్పే బరువు ఖాళీ బండిది. ఇసుకలో దిగబడేది నిండు బండి. నెల్లూరులో రైసు మిల్లుల దగ్గర, చీమకుర్తిలో గ్రానైటు లారీల కోసం కాటాలు కావలసినన్ని ఉన్నాయి. ట్యాంకు నిండా ఇంధనం పోయించి, నీళ్ల క్యాన్లు, గుడారం, పనిముట్లు, మనుషులు, అన్నీ ఎక్కాక కాటా మీదికి తీసుకెళ్లండి. మొదట బండి మొత్తాన్ని తూచండి. తర్వాత ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి తూచండి. మొత్తంలోంచి అది తీసేస్తే వెనక బరువు వస్తుంది. ఈ మూడు అంకెలూ కాగితం మీద రాసి డాష్‌బోర్డులో పెట్టుకోండి, టైర్లలో గాలి లెక్కకు ఇవే ఆధారం.

ఖాళీ బరువులు ఉజ్జాయింపుగా ఇవి. జిప్సీ వెయ్యి కిలోలకు కాస్త తక్కువ. జిమ్నీ 1,200 కిలోలు. మూడు డోర్ల థార్ 1,700 కిలోల పైన. గుర్ఖా దాదాపు రెండు టన్నులు. నలుగురు మనుషులు, సామాను కలిస్తే ఏ బండికైనా ఇంకో 400 కిలోలు చేరతాయి. జిప్సీకి ఆ 400 కిలోలంటే సొంత బరువులో సగానికి దగ్గర. గుర్ఖాకు అయిదో వంతు. చిన్న బండి ఇద్దరికి బంగారం, నలుగురికి నరకం అని మా లెక్క. పైకప్పు మీద క్యారియర్ బిగించి బరువంతా అక్కడ పెట్టడం మాత్రం ఏ బండికీ మంచిది కాదు. దిబ్బ మీద బండి ఒక పక్కకు ఒరిగితే పై బరువే దాన్ని పల్టీ కొట్టిస్తుంది.

ముగ్గుపిండితో టైరు కొలత

గాలి తీస్తే బండి ఇసుకలో ఎందుకు తేలుతుందో అర్థమైతే మిగతాదంతా తేలిక. టైరు నేలను ఎంత గట్టిగా నొక్కుతుందన్నది ఇంచుమించు లోపలి గాలి ఒత్తిడికి సమానం. 32 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2.25 కిలోలు. ఒక చక్రం మీద 437 కిలోలు పడే బండి తీసుకుంటే, లెక్క ప్రకారం ఆ టైరు 194 చదరపు సెంటీమీటర్ల మేర నేలకు ఆనుతుంది. గాలి 16కి దించితే 388. సరిగ్గా రెట్టింపు. టైరు పక్క గోడ బిగువును బట్టి అసలు కొలత కొంచెం అటూ ఇటూ అవుతుంది కానీ లెక్క దారి ఇదే.

ఇంట్లో సిమెంటు గచ్చు మీద చేసి చూడండి. 32 పీఎస్ఐ గాలితో బండిని నిలబెట్టి, టైరుకు ముందూ వెనకా గచ్చుకు ఆనుకుని ముగ్గుపిండి చల్లండి. పిండి టైరు కిందికి ఎంతవరకు పోగలదో అక్కడే ఆగుతుంది. బండిని మెల్లగా ముందుకు తోస్తే మధ్యలో పిండి అంటని చోటు మిగులుతుంది. దాని పొడవు స్కేలుతో కొలవండి. తర్వాత 24 దగ్గర, 18 దగ్గర, 15 దగ్గర ఇదే పని చేయండి. టైరు వెడల్పు వైపు పెద్దగా పెరగదు, పొడవునే పెరుగుతుంది. ఇసుకలో టైరు పని చేసేది ట్రాక్టరు చక్రంలా కాదు, పొక్లెయిను పట్టాలా. అందుకే వెడల్పు టైర్లు కొన్నంత మాత్రాన సరిపోదు, ఉన్న టైరులోనే గాలి తీయాలి.

అదే సమయంలో రిమ్ము అంచు నుంచి గచ్చుకు ఉన్న ఎత్తు కూడా కొలవండి. నిండు గాలిలో ఉన్న ఎత్తులో నాలుగో వంతు తగ్గిన చోట గేజీ ఎంత చూపిస్తోందో, అది మీ బండికి ఇసుక గాలి. ముందు, వెనక టైర్లకు అది వేర్వేరుగా రావచ్చు. కాటా అంకెలు ఇక్కడే పనికొస్తాయి. మామూలుగా 15 నుంచి 18 మధ్య తేలుతుంది. దిగబడినప్పుడు కాసేపటికి 12కి దించవచ్చు. 10 దాటి కిందికి పోతే మలుపు తిప్పేటప్పుడు టైరు రిమ్ము నుంచి ఊడొస్తుంది. ఆ ఇసుకలో దాన్ని మళ్లీ ఎక్కించడం మామూలు జాకీతో అయ్యే పని కాదు.

టైరు గళ్ల గురించి ఒక మాట. ఒంగోలు, అద్దంకి వైపు నల్లరేగడిలో తిరిగేవాళ్లకు పెద్ద పెద్ద గళ్లున్న మట్టి టైర్లంటే ఇష్టం. రేగడిలో అవి సరైనవే. బురదను కోసుకుని కింద గట్టి నేలను అందుకుంటాయి. ఎడారి ఇసుక కింద గట్టి నేల ఉండదు, ఆ గళ్లు తవ్వుకుంటూ పోయి బండిని ఇరుసు దాకా కూర్చోబెడతాయి. ఇసుకకు గళ్లు తక్కువున్న ఆల్ టెరైన్ టైర్లే మేలు.

బండ్లు పక్కపక్కన పెడితే

జిప్సీ 1985లో వచ్చి 2019 దాకా నడిచింది. తర్వాతి రకాల్లో 1.3 లీటర్ల పెట్రోలు ఇంజిన్, 80 హార్స్‌పవర్. టార్క్, అంటే చక్రాన్ని తిప్పే లాగుడు బలం, 103 ఎన్ఎం మాత్రమే, అదీ ఇంజిన్ నిమిషానికి 4,500 తిప్పుళ్లు తిరిగేటప్పుడు వస్తుంది. అంటే యాక్సిలరేటరు వదిలితే ఊపు పోయినట్టే. కానీ బరువు లేకపోవడం వల్ల ఇసుక మీద పిచ్చుకలా పోతుంది. దిగబడినా ముగ్గురు తోస్తే బయటికొస్తుంది. నాలుగు వైపులా కమాన్ పట్టీలు కాబట్టి గతుకుల దారిలో నడుము విరుగుతుంది. కమాన్లు విరిగితే ఏ ఊళ్లోనైనా కట్టిస్తారు. ట్యాంకు 40 లీటర్లే. పాతది కొనేటప్పుడు కింద ఛాసిస్ తుప్పు చూడండి. మన కోస్తా ఉప్పుగాలిలో పదేళ్లు తిరిగిన బండికి స్క్రూడ్రైవరు పొడిస్తే దిగిపోయే చోట్లుంటాయి. వెనక కమాన్ బ్రాకెట్ల దగ్గర, బాడీ బిగింపుల దగ్గర పొడిచి చూడండి.

జిమ్నీ జిప్సీకి వారసుడు. 1.5 లీటర్ల పెట్రోలు, 134 ఎన్ఎం టార్క్, నేల నుంచి 210 మి.మీ. ఎత్తు. ఏ వేరియంట్ తీసుకున్నా 4×4, అంటే నాలుగు చక్రాలకూ బలం అందే ఏర్పాటు ఉంటుంది, వేగం తగ్గించి లాగుడు పెంచే లో గేరు ఉంటుంది. ఒకే ఇరుసు మీది రెండు చక్రాలనూ కలిపి తిప్పే డిఫరెన్షియల్ లాకు మాత్రం లేదు. ఒట్టిగా తిరిగే చక్రానికి బ్రేకు వేసి రెండో చక్రానికి బలం పంపుతుంది. ఉదయగిరి కొండల రాళ్లలో ఈ పద్ధతి బాగుంటుంది. మెత్తటి ఇసుకలో ఆ బ్రేకే మన ఊపును తినేస్తుంది. ఇద్దరే పోతున్నారు, సామాను తక్కువ అంటే మేము మొదట చెప్పేది మాత్రం దీని పేరే.

మూడు డోర్ల థార్ 2020 అక్టోబరులో అమ్మకానికొచ్చింది. 2.2 లీటర్ల డీజిల్‌కు 300 ఎన్ఎం టార్క్, అదీ 1,600 తిప్పుళ్ల నుంచే. నేల నుంచి 226 మి.మీ. ఎత్తు, 57 లీటర్ల ట్యాంకు. ముక్కు ఇసుకకు తగలకుండా దిబ్బ ఎక్కడానికి ముందు కోణం 41.8 డిగ్రీలు చాలినంత ఉంది. కొనేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. 2023 నుంచి వెనక చక్రాలకే బలం ఇచ్చే థార్ కూడా అమ్ముతున్నారు. బయటికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. గేరు లివరు పక్కన రెండో చిన్న లివరు ఉందా లేదా చూడండి, లేకపోతే అది ఎడారి బండి కాదు. వెనక మెకానికల్ లాకు కూడా అన్ని వేరియంట్లలో రాదు. ఉన్న బండిలో అది చక్రాల వేగంలో తేడా వచ్చాక తనంతట తాను పట్టుకుంటుంది. ఆ పట్టుకునే లోపు చక్రం కాస్త తవ్వుతుందని గుర్తుంచుకోండి. ఐదు డోర్ల థార్ రాక్స్‌లో 4×4 కావాలంటే డీజిలే తీసుకోవాలి.

గుర్ఖా బరువైన బండి, కానీ ఇసుక పనికి కావలసినవన్నీ కంపెనీ నుంచే వస్తాయి. ముందూ వెనకా రెండు డిఫరెన్షియల్ లాకులు, రెంటికీ వేర్వేరు లివర్లు. ఇంజిన్ గాలి పీల్చుకునే గొట్టం పైకప్పు ఎత్తులో ఉంటుంది, దుమ్ములో దాని విలువ తెలుస్తుంది. 63.5 లీటర్ల ట్యాంకు. 2021 నాటి బండికి 250 ఎన్ఎం టార్క్, 2024లో అది 320కి పెరిగింది. పాతది కొనేవాళ్లు ఏ ఏడాదిదో చూసుకోవాలి, రెంటికీ ఇసుకలో చాలా తేడా. ముందు లాకు వేసి స్టీరింగు బలంగా తిప్పితే యాక్సిల్ జాయింటు విరుగుతుంది. ముందు లాకు నేరుగా పోయేటప్పుడే వేయండి.

ఇసుజు వీ-క్రాస్ పికప్ మన పక్కనే, తడ దాటాక శ్రీసిటీలో తయారవుతుంది. 1.9 లీటర్ల డీజిల్, 360 ఎన్ఎం టార్క్. సామాను మోయడానికి దీన్ని మించింది లేదు. పొడవే దీని బలహీనత. దిబ్బ అంచు దాటేటప్పుడు ముందూ వెనకా చక్రాల మధ్య పొట్ట ఇసుక మీద కూర్చుంటుంది. గట్టి దారుల్లో సామాను బండిగా తీసుకెళ్లి, దిబ్బల్లోకి వేరే చిన్న బండి దించడం మంచి పద్ధతి.

పెన్న ఇసుకలో పరీక్ష

సముద్రం ఒడ్డున కాకుండా పెన్నలో ఎందుకంటే, ఒడ్డు ఇసుక దిబ్బలు తీరప్రాంత నిబంధనల కింద రక్షణలో ఉన్నాయి. పైగా జనవరి నుంచి మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. బండి చక్రం ఆ గుంటల మీద పోకూడదు. పెన్నలో కూడా ట్రాక్టర్లు తిరిగే బాటలున్న చోటే, స్థానికంగా అడిగి దిగండి. సోమశిల నుంచి నీళ్లు వదులుతున్నారా అని ముందు కనుక్కోండి. ఇసుక తవ్విన గుంతలు నడిచి చూసి గుర్తు పెట్టుకున్నాకే బండి దించండి.

మధ్యాహ్నం పూట చేయండి. పొద్దున తేమకు ఇసుక గట్టిగా ఉండి బండిని పొగుడుతుంది. ఎండకు ఆరిన ఇసుకే నిజం చెబుతుంది.

నాలుగు చక్రాలకూ బలం అందేలా 4 హై వేసి, 30 పీఎస్ఐతో మొదలుపెట్టి, నిలబడిన చోటి నుంచి కదిలించండి. బ్రేకు తొక్కకుండా, యాక్సిలరేటరు వదిలేసి తనంతట ఆగనివ్వండి. బ్రేకు తొక్కితే చక్రాల ముందు చిన్న కట్ట కట్టినట్టు ఇసుక పోగవుతుంది, మళ్లీ కదలడానికి అదే అడ్డం. 24 దగ్గర మళ్లీ, 18 దగ్గర మళ్లీ చేయండి. చక్రం ఒట్టిగా తిరగకుండా మెత్తగా కదిలిన అంకెను రాసుకోండి. తర్వాత మనిషి ఎత్తు ఇసుక మేట చూసి 4 లోలో, అంటే నాలుగు చక్రాల లో గేరులో, ఎక్కించండి. మూడోది, 20 నిమిషాలు ఆగకుండా 4 లోలో తిప్పి వేడి ముల్లు ఎక్కడ నిలుస్తుందో చూడండి. ఇక్కడి మే ఎండలో ముల్లు మధ్యలోనే నిలిచిన బండి చలికాలపు ఎడారిలో ఇబ్బంది పెట్టదు. క్లచ్ కాలిన వాసన వస్తే ఆ బండికి ఆ బరువు ఎక్కువని అర్థం. బండి జారకుండా చూసే ఈఎస్‌పీ బొత్తం ఎక్కడుందో, నొక్కితే నిజంగా ఆగుతుందో కూడా ఇక్కడే తెలుసుకోండి. ఆన్‌లో ఉంటే, ఊపు కావలసిన సమయంలో ఇంజిన్ బలాన్ని కోసేస్తుంది.

పెన్న ఇసుక ముతక. థార్ ఇసుక గాలికి కొట్టుకొచ్చిన సన్న ఇసుక, ఇంకా లోతుగా దిగనిస్తుంది. ఇక్కడ 18 చాలిన బండికి అక్కడ 15 అనుకోండి.

రెండు బండ్లలో ఏది కొనాలో తేలకపోతే చివరి పరీక్ష ఇది: బండిని కావాలనే ఇరుసు దాకా దించి, మీ దగ్గరున్న సామానుతో, ఇద్దరే మనుషులతో బయటికి తీయండి. గడియారం చూసుకోండి. తక్కువ సమయంలో వచ్చిన బండే మీ బండి.

దిగబడినప్పుడు

చక్రం తిరుగుతోంది, బండి కదలడం లేదు అనిపించిన ఆ క్షణమే ఆపేయండి. ఇంకో మూడు సెకన్లు తొక్కితే ఇంకో అరగంట తవ్వకం. దిగి ముందు చూడాల్సింది చక్రాలను కాదు, పొట్టను. ఇరుసు హౌసింగు, ఛాసిస్ ఇసుక మీద కూర్చుని ఉంటే ఎంత గాలి తీసినా లాభం లేదు. పొడుగు కట్టె ఉన్న పారతో ముందు పొట్ట కింద ఇసుక లాగేయండి. తర్వాత చక్రాల ముందు వాలుగా బాట తీయండి. గాలి 12కి దించండి. ఇసుక పలకలుంటే నాలుగు చక్రాలలో లోతుగా దిగిన వాటి కింద దూర్చండి. చాలాసార్లు ముందుకంటే వెనక్కి, వచ్చిన గాడిలోనే తేలిగ్గా వస్తుంది. జాకీ పెట్టాలంటే కింద 40 సెంటీమీటర్ల చదరం, 18 మి.మీ. మందం ప్లైవుడ్ ముక్క ఉండాలి. లేకపోతే బండి లేవదు, జాకీ దిగుతుంది.

రెండో బండితో లాగేటప్పుడు తాడును ఛాసిస్‌కు బిగించిన అసలు హుక్కుకే కట్టండి. లారీ మీద కట్టి తీసుకెళ్లడానికి పెట్టిన సన్న కొక్కేలు ఉంటాయి, అవి తెగి తుపాకీ గుండులా వస్తాయి. తాడు మధ్యలో తడి గోనెసంచి వేయండి, మనుషులు తాడు పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరంగా నిలబడాలి.

ఇంధనం, నీళ్లు, దుమ్ము

తారు రోడ్డు మీద వచ్చే మైలేజీలో సగమే ఇసుకలో వస్తుందని లెక్క కట్టి, అందులో మూడో వంతు వెనక్కి రావడానికి ఉంచుకోండి. లీటరుకు 12 ఇచ్చే జిమ్నీ 40 లీటర్లతో ఇసుకలో 240 కిలోమీటర్లు పోతుంది, మీరు లెక్కలోకి తీసుకోవాల్సింది 160. అదనంగా పెట్రోలు తీసుకెళ్తే 20 లీటర్ల ఇనప క్యాను ఒక్కటే. లైసెన్సు లేకుండా 30 లీటర్లకు మించి ఉంచుకోవడం పెట్రోలియం చట్టం ఒప్పుకోదు. ప్లాస్టిక్ డబ్బాలు అసలు వద్దు.

నీళ్లు మనిషికి రోజుకు 5 లీటర్లు, రేడియేటరుకు వేరేగా 10. ఎయిర్ ఫిల్టరు రోజూ సాయంత్రం తీసి, లోపలి నుంచి బయటికి గాలి కొట్టండి. బయటి నుంచి కొడితే సన్న దుమ్ము కాగితంలోకి దిగిపోతుంది. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ తీగలు బ్యాటరీకే నేరుగా తగిలించండి, సిగరెట్ లైటర్ సాకెట్‌కు పెడితే ఫ్యూజు పోతుంది.

పోవడానికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. జైసల్మేర్ దగ్గరి సమ్, ఖూరీ వైపు చాలా నేల డెసర్ట్ నేషనల్ పార్కుది. మన రోళ్లపాడులో కనుమరుగైపోతున్న బట్టమేక పక్షికి అదే ఇప్పుడు పెద్ద ఆసరా. బాట వదిలి అక్కడ తొక్కవద్దు. సరిహద్దు దగ్గరి ఊళ్లకు జిల్లా యంత్రాంగం అనుమతి ముందే తీసుకోండి.

దిబ్బ ఎప్పుడూ నేరుగా ఎక్కి నేరుగా దిగాలి, అడ్డంగా నడపకూడదు. దిగేటప్పుడు బ్రేకు మీద కాకుండా గేరు మీద దించండి. నిలపాల్సి వస్తే ముక్కు పల్లానికి ఉండేలా నిలపండి.

తారు రోడ్డు ఎక్కే ముందు రోడ్డు పక్కనే ఆగి నాలుగు టైర్లకూ గాలి నింపండి. 15 పీఎస్ఐతో 80 స్పీడులో పోతే టైరు పక్క గోడ వేడెక్కి పగులుతుంది. నింపేటప్పుడే గోడల మీద చేతితో తడిమి చూడండి. మన చిల్లచెట్టు ముళ్లే ఆ ఎడారిలోనూ ఉన్నాయి. గాలి తక్కువున్నప్పుడు ఉబ్బిన గోడకే అవి దిగుతాయి. తర్వాత 4×4 తీసి రెండు చక్రాలకు మార్చండి. తారు మీద 4 హైలో మలుపులు తిప్పితే బలాన్ని ముందూ వెనకా చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు బిగుసుకుపోతుంది.